సొమ్మొకడిది, సోకొకడిది: వ్యాపార మెయిళ్లకు చట్టం రాస్తున్నవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చట్టసభ సభ్యులకు,

మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్ పనికీ నా పనికీ దూరపు చుట్టరికం ఉంది కానీ, ఆయన తెచ్చినవన్నీ ఇచ్చేసి వెళ్తాడు, నేను రోజంతా చేసేది ఇవ్వకుండా ఆపడం. వచ్చిన ప్రతి మెయిలునూ గుమ్మంలోనే నిలబెట్టి నువ్వెవరు, చెప్పిన చిరునామా నీదేనా, ఇదివరకు నీ మీద ఫిర్యాదులున్నాయా అని ఆరా తీసే యంత్రాలను మేపుతూ ఉంటాను. అందుకే అడగని వ్యాపార మెయిళ్లను, అంటే స్పామ్‌ను, అదుపు చేస్తామంటూ ఏ దేశంలో బిల్లు వచ్చినా వదలకుండా చదువుతాను. చదవడం మొదలుపెట్టగానే ఒక్క సంగతి కోసమే వెతుకుతాను: పంపేవాడు ముందు అడగాలా, లేక అందుకున్నవాడు తరవాత వద్దని చెప్పుకోవాలా? అది తేలితే మిగతా సెక్షన్లు ఎటు పోతాయో చదవకుండానే చెప్పొచ్చు.

మీ ముసాయిదాలో ఆ సంగతి ఇంకా తేలలేదని ఈ ఉత్తరం.

ఈ గొడవ ఇంటర్నెట్ అనే పేరు జనం నోళ్లలో పడకముందే మొదలైంది. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, అర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. కాలిఫోర్నియాలో మా కొత్త యంత్రాలు చూపిస్తున్నాం, రండి అని. చిరునామాలు ఎక్కువైపోయి వాటికి కేటాయించిన చోటు చాలక సందేశంలోకి పొర్లాయి. అర్పానెట్ అమెరికా ప్రభుత్వ పనుల కోసం వేసిన నెట్‌వర్క్ కనుక చీవాట్లూ గట్టిగానే పడ్డాయి. కానీ ఆ ఒక్క సందేశం పుణ్యాన కోటి డాలర్లకు మించి అమ్మకాలు జరిగాయని థర్క్ తరవాత చెప్పుకున్నాడు. చీవాట్లు ఒకసారి తింటే పోతాయి, అమ్మకాలు మిగులుతాయి. ఆ తరవాత వచ్చినవాళ్లందరూ నేర్చుకున్న పాఠం అదే.

చట్టానికి ఆధారం కావలసిన సూత్రం కూడా మెయిలు కంటే ముందే ఉంది. 1991లో అమెరికా కాంగ్రెస్ అడగని ఫ్యాక్సు ప్రకటనలను నిషేధించింది. కాగితం నాది, సిరా నాది, నా యంత్రం పట్టుకుని కూర్చునేది నీ ప్రకటన. సొమ్మొకడిది, సోకొకడిది. ఫ్యాక్సులో ఆ సొమ్ము కాగితం రూపంలో కళ్లెదుట పడేది కనుక శాసనకర్తలకు తొందరగా అర్థమైంది. మెయిలులో అది కనిపించదు. నిల్వ, కరెంటు, ఫిల్టర్లు, వాటిని చూసుకునే నాబోటివాళ్ల జీతం, చివరికి చెరిపేసేవాడి నిమిషాలు, అన్నీ అందుకునే వైపే పడతాయి. ఆ బిల్లు ఎవరి చేతికీ రాదు కనుక లేదనుకుంటున్నారు.

పంపేవాడి లెక్క ఎలా ఉంటుందో 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి, అంటే యజమానులకు తెలియకుండా దొంగల చేతికి చిక్కిన కంప్యూటర్ల గుంపులోకి, దూరి, అది పంపుతున్న మందుల ప్రకటనల్లో లింకులను తాము కట్టిన ఉత్తుత్తి దుకాణం వైపు తిప్పారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్లు వెళ్లాయి. కొనడానికి సిద్ధపడ్డది 28 మంది. ఇరవై ఎనిమిది. ఉత్తరానికి తపాలా బిళ్ల అంటించాల్సి వస్తే ఈ వ్యాపారం ఒక్కపూట నిలబడదు. పంపడానికి దమ్మిడీ కాదు కనుకనే 28 మంది కోసం కోట్లమంది తలుపులు కొడతారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, వీళ్లు మాత్రం వద్దన్నా వడ్డిస్తూనే ఉంటారు.

ఇంతకంటే పెద్ద ఖర్చు ఇంకొకటుంది. దాన్ని ఏ బిల్లు పీఠికలోనూ చూడలేదు. చెత్త పెరిగేకొద్దీ ఫిల్టర్లను బిగించాలి, బిగించేకొద్దీ మంచి మెయిలు కూడా చెత్తబుట్టలో పడుతుంది. ఒకసారి ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, ఉద్యోగానికి దరఖాస్తు చేసిన చోటు నుంచి జవాబు రాలేదు, మీ సర్వర్ ఏమైనా తినేసిందా అని అడిగింది. వెతికితే స్పామ్ ఫోల్డర్లో ఉంది. ఇంటర్వ్యూ తేదీ దాటి నాలుగు రోజులైంది. ఆ ఫిల్టరుకు ఆ వారమే మరలు బిగించింది నేనే. మెయిలు తినేసింది నేనా, నన్ను బిగించేలా చేసినవాళ్లా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ అమ్మాయికి మాత్రం ఆ ప్రశ్నతో పని లేదు.

ఇక చట్టాల సంగతి. చాలామంది నమూనాగా తీసుకునేది అమెరికా క్యాన్-స్పామ్ చట్టం. 2003 డిసెంబరు 16న అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ సంతకం చేశారు, 2004 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పంపినవాడి వివరాలు తప్పుగా చూపొద్దు, విషయం గడిలో (సబ్జెక్ట్ లైనులో) మోసపు రాతలొద్దు, ఇది ప్రకటన అని తెలియాలి, తపాలా చిరునామా ఉండాలి, వద్దని చెప్పే దారి ఉండాలి, చెప్పాక 10 పనిదినాల్లో ఆపాలి. చదివితే న్యాయంగానే ఉంటుంది. కానీ ఇవన్నీ పాటిస్తే అడగకుండా పంపడం చట్టబద్ధమే. మౌనం అర్ధాంగీకారం అని మనకో మాట ఉంది, ఈ చట్టం దాన్ని పూర్ణాంగీకారం చేసేసింది. దీన్ని విమర్శించినవాళ్లు 'యూ క్యాన్ స్పామ్' చట్టం, అంటే నువ్వు స్పామ్ చేసుకోవచ్చు అనే చట్టమని ఊరికే ఎగతాళి చేయలేదు.

వద్దని చెప్పే హక్కు ఉందిగా అంటారు. ఆ హక్కును వాడుకునే తీరు చూడండి. మోసగాడి మెయిలులో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే, ఈ చిరునామాలో బతికున్న మనిషి ఉన్నాడు, మెయిళ్లు తెరుస్తాడు అని వాడికి కబురందించినట్టే. ఆ చిరునామా ధర పెరుగుతుంది. కాబట్టి తెలియనివాళ్ల మెయిలులో అది ముట్టుకోవద్దని నేను అందరికీ పాఠం చెబుతాను. చట్టం నొక్కమంటుంది, సర్వర్ చూసుకునేవాడు నొక్కొద్దంటాడు. మధ్యలో మామూలు మనిషి ఎవరి మాట వినాలి? పంపినవాడు నిజాయితీపరుడో కాదో కనిపెట్టే బాధ్యతను అందుకున్నవాడి నెత్తిన వేసిన ఏ చట్టమైనా ఇక్కడే తడబడుతుంది.

క్యాన్-స్పామ్ చట్టం చేసిన ఇంకో పని తక్కువమందికి గుర్తుంది. 2003 సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రం ముందు అడిగే పంపాలని ఒక చట్టం చేసింది. ఉల్లంఘించిన ప్రతి మెయిలుకూ 1,000 డాలర్ల వరకు పరిహారం, అందుకున్న మనిషే స్వయంగా దావా వేయొచ్చు. అది 2004 జనవరి 1 నుంచి అమలు కావాలి. సరిగ్గా అదే రోజు అమల్లోకొచ్చిన కేంద్ర చట్టం, మోసానికి సంబంధించిన నిబంధనలు తప్ప మిగతా రాష్ట్ర చట్టాలు చెల్లవని చెప్పి దాన్ని పురిట్లోనే పాతిపెట్టింది. బలహీనమైన చట్టం ఏమీ లేకపోవడం కంటే మేలని మీ సభలో ఎవరైనా అంటే, ఈ కథ చెప్పండి. బలహీనమైన చట్టం ఖాళీగా కూర్చోదు, గట్టి చట్టం రావలసిన చోటును ఆక్రమిస్తుంది.

మధ్యేమార్గాలు కూడా చాలా ప్రయత్నించారు. ఫోన్లకు పెట్టినట్టే, మెయిలు వద్దనేవాళ్ల జాబితా ఒకటి పెడదామన్నారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని పరిశీలించి 2004 జూన్‌లో వద్దని చెప్పింది: పంపింది ఎవరో నిర్ధారించే పద్ధతి లేకుండా అలాంటి జాబితా పెడితే, అది స్పామర్లకు పనికొచ్చే చిరునామాల పుస్తకం అవుతుందని. దొంగ చేతికి తాళాలివ్వడమే కదా. విషయం గడిలో ముద్ర వేయిద్దామని ఇంకొందరన్నారు. కొరియాలో ప్రకటన అనే మాట, సింగపూర్‌లో ఏడీవీ (అడ్వర్టైజ్‌మెంట్‌కు పొట్టి రూపం) అనే అక్షరాలు అలా వచ్చినవే. ముద్ర వేసుకునేది నిజాయితీపరులే, వాళ్ల మెయిలే ఫిల్టర్లో ముందు చిక్కుతుంది. జపాన్ కూడా 2002లో ముద్రతోనూ వద్దనే హక్కుతోనూ మొదలుపెట్టి, 2008లో చట్టం సవరించి ముందు సమ్మతి కావాల్సిందేనంది. ఆరేళ్లు ఒక దారిలో నడిచి వెనక్కి తిరిగిన దేశమది. అదే దారిలో మీరూ మొదటి అడుగు వేయడం దేనికి?

ముందు అడగాలన్న చట్టాలు వ్యాపారాన్ని చంపేస్తాయనే భయం మీకు బాగా నూరిపోశారని విన్నాను. యూరోపియన్ యూనియన్ 2002లోనే ఆ నియమం పెట్టింది. అయితే మీ దగ్గర ఇదివరకే కొన్నవారికి అలాంటి సరుకు గురించే చెప్పుకోవచ్చు, చిరునామా తీసుకున్నప్పుడూ ప్రతి మెయిలులోనూ వద్దనే వీలు ఇవ్వాలి అని ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఆస్ట్రేలియా 2003లో చట్టం చేసి 2004 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. కెనడా 2010లో ఆమోదించిన చట్టం 2014 జూలై 1న అమల్లోకి వచ్చింది. దాంట్లో నాకు నచ్చిన సంగతి, పరోక్ష సమ్మతికి గడువు పెట్టడం: సరుకు కొంటే రెండేళ్లు, ఊరికే వివరాలు అడిగితే ఆరు నెలలు. పదేళ్ల కిందట ఒకసారి బూట్లు కొన్నవాడు జన్మంతా ఆ కొట్టువాడికి బంధువు కాడు కదా. సంస్థలకు జరిమానా కోటి కెనడా డాలర్ల దాకా ఉంటుంది. ఈ దేశాల్లో దుకాణాలు మూతపడలేదు.

సమ్మతి అనే మాటను మాత్రం గట్టిగా నిర్వచించండి. ముందే టిక్కు కొట్టి ఉంచిన గడి సమ్మతి కాదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019లో కుకీల (వెబ్‌సైట్లు మన బ్రౌజర్లో దాచే చిన్న ఫైళ్ల) వ్యవహారంలో తేల్చి చెప్పింది. 'మా భాగస్వాములు' అనే మాట కూడా చాలా ప్రమాదకరం. ఒక్కరికి ఇచ్చిన అనుమతి మీద వందమంది స్వారీ చేసేది ఆ మాట ఎక్కే. సమ్మతి తీసుకున్నామని రుజువు చేసే బరువు పంపినవాడి మీదే ఉండాలి, ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటలకు సరే అన్నారో చూపించగలగాలి.

ఇక్కడ నా వాదనలోని ముల్లును నేనే చూపిస్తాను. ఆస్ట్రేలియా చట్టం ఒక్క మెయిలు పంపినా వర్తిస్తుంది. నాకది అతిగా అనిపిస్తుంది. మీరు రాసిన వ్యాసం చదివాను, మీ సంస్థకు పనికొచ్చే వస్తువు ఒకటి చేస్తున్నాను, చూస్తారా అని ఒకరు తన చేత్తో ఒకరికి రాసుకునే ఉత్తరం వేరు. దాంట్లో రాసినవాడి సమయం ఖర్చవుతుంది, ఆ ఖర్చే దానికి పగ్గం. సింగపూర్ చట్టంలో సంఖ్యలున్నాయి: 24 గంటల్లో 100, 30 రోజుల్లో 1,000, ఏడాదిలో 10,000 దాటితేనే మూకుమ్మడి మెయిలు. సింగపూర్ మిగతా చట్టం వద్దన్నాక ఆపే రకమే అయినా ఈ సంఖ్యల ఆలోచన మాత్రం అరువు తెచ్చుకోదగ్గది.

పరిధి గురించి రెండు తీర్పులు దగ్గర పెట్టుకోండి. అమెరికాలోని వర్జీనియాలో జెరెమీ జేన్స్ అనే స్పామర్‌కు తొమ్మిదేళ్ల జైలు పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. 2008 సెప్టెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది, ఎందుకంటే అది వ్యాపార మెయిళ్లతో ఆగకుండా, పేరు దాచుకుని రాజకీయ, మత విషయాలు రాసేవారినీ నేరస్థులను చేసేలా ఉంది. జేన్స్ శిక్ష కూడా దాంతో పోయింది. భారతదేశంలో ఐటీ చట్టానికి 2008లో చేర్చిన 66ఏ సెక్షన్‌లో చికాకు, అసౌకర్యం కలిగించే మెయిళ్ల గురించీ, ఎక్కణ్నుంచి వచ్చిందో తప్పుదారి పట్టించే మెయిళ్ల గురించీ ఒక భాగం ఉండేది. స్పామ్‌కు మందు అదే అనుకున్నవాళ్లున్నారు. చికాకు అనే మాటకు హద్దెక్కడ? ఆ సెక్షన్ పేరుతో పోస్టులు పెట్టినవాళ్లను అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో భారత సుప్రీంకోర్టు సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. ఎలుకల కోసం పెట్టిన మంట ఇంటికంటుకున్న కథ అది. మీ ముసాయిదా నాలుగో పేజీలో 'ఇబ్బందికరమైన సందేశాలు' అన్న మాట ఉంటే, దయచేసి ఇప్పుడే కొట్టేయండి. 'వ్యాపార ప్రయోజనం కోసం, మూకుమ్మడిగా, సమ్మతి లేకుండా' అని రాయండి, చాలు.

అమలు విషయంలో చట్టసభలు ఎప్పుడూ ఒకే పొరపాటు చేస్తాయి: అధికారమంతా ఒక సంస్థ చేతిలో పెట్టి, ఆ సంస్థకు పదిమంది ఉద్యోగుల్నిచ్చి ఊరుకుంటాయి. క్యాన్-స్పామ్ కింద ఒక్కో ఉల్లంఘనకు ఇప్పుడు 50 వేల డాలర్లకు పైగా జరిమానా వేయొచ్చు. మెయిలు అందుకున్న మామూలు మనిషి మాత్రం ఆ చట్టం కింద దావా వేయలేడు. కెనడా 2017 జూలైలో ఆ హక్కు ఇవ్వబోయి, నెల ముందు వాయిదా వేసింది. ఇజ్రాయెల్ 2008లో ధైర్యం చేసింది: నష్టం రుజువు చేయకపోయినా ఒక్కో సందేశానికి 1,000 షెకెళ్ల వరకు కోర్టు ఇప్పించవచ్చు. దావాలే వృత్తిగా పెట్టుకునేవాళ్లు పుట్టుకొస్తారని అంటారు, పుట్టుకొస్తారు కూడా. పరిహారానికి పరిమితి పెట్టండి, చిన్న పొరపాటును సరిదిద్దుకోవడానికి వారం గడువివ్వండి. తలుపు మాత్రం మూయొద్దు.

దొంగలు విదేశాల్లో ఉంటారు, మన చట్టం వాళ్లనేం చేస్తుందని అడిగేవారికి జవాబు డబ్బు దగ్గరుంది. 2011లో వెలువడ్డ ఒక పరిశోధనలో, స్పామ్‌లో ప్రకటించే మందులు, నకిలీ వాచీలు, సాఫ్ట్‌వేర్ లాంటివి పరిశోధకులే కొని చూశారు. 95 శాతం సరుకుకు చెల్లింపులు జరిగింది మూడంటే మూడు బ్యాంకుల ద్వారా. లక్షల కంప్యూటర్ల నుంచి బయల్దేరిన వరద మూడు తూముల్లోంచి డబ్బు తోడుకుంటోంది. 2008 నవంబరులో మెకోలో అనే ఒక్క హోస్టింగ్ (సర్వర్లు అద్దెకిచ్చే) కంపెనీకి ఇంటర్నెట్ కనెక్షన్ తీసేస్తే ప్రపంచవ్యాప్తంగా స్పామ్ సగానికి పైగా పడిపోయింది. ఆ రోజు మా దగ్గర గ్రాఫు చూసి సర్వర్ పాడైందేమో అనుకున్నాను. కొన్ని నెలల్లో మళ్లీ పెరిగిందనుకోండి. అయినా బటన్ నొక్కిన కంప్యూటరును వెతుక్కుంటూ పోయేకంటే, ఎవరి సరుకు అమ్ముడవుతోంది, ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతోంది అన్నదాన్ని చట్టం పట్టుకోవాలి. మార్కెటింగ్ ఏజెన్సీ వాళ్లు పంపారు, మాకు తెలియదు అనే మాట చెల్లకూడదు.

మీరు ఆలస్యం చేసిన కొద్దీ ఈ చట్టం ఇంకెవరో రాసేస్తున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు పంపింది తామేనని సాంకేతికంగా రుజువు చేసుకోవాలి, ఒక్క నొక్కుతో వద్దనే వీలివ్వాలి, రెండు రోజుల్లో ఆపాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉంచాలి. యాహూ కూడా గూగుల్‌తో కలిసి ఇలాంటి నియమాలే పెట్టింది. సాంకేతిక మనిషిగా నాకు సంతోషమే. ఇరవై ఏళ్ల చట్టాలు పది పనిదినాలిస్తే వీళ్లు రెండు రోజులన్నారు, అందరూ పరుగెత్తుకుంటూ పాటించారు. కానీ ఆ నియమాలను ఏ సభా చర్చించలేదు. ఒక చిన్న సంస్థ మెయిళ్లు పొరపాటున ఆగిపోతే అప్పీలు చేసుకోవడానికి న్యాయమూర్తి లేడు, ఒక ఫారం ఉంటుంది. ఆ ఫారం నేను చాలాసార్లు నింపాను. జవాబు వస్తుందో రాదో ఆ దేవుడికే ఎరుక.

చివరిగా మీ సొంత మెయిళ్ల సంగతి. క్యాన్-స్పామ్ రాజకీయ మెయిళ్లను ముట్టుకోదు. ఆస్ట్రేలియాలో నమోదైన పార్టీలకు సమ్మతి నియమం నుంచే కాదు, అన్‌సబ్‌స్క్రైబ్ నియమం నుంచి కూడా మినహాయింపు ఉంది. రాజకీయ భావ ప్రకటన వ్యాపార ప్రకటనతో సమానం కాదని, దాన్ని ఈ చట్టంలోకి లాగొద్దని పైన నేనే రాశాను, ఆ మాటకు కట్టుబడే ఉన్నాను. చట్టం మిమ్మల్ని అడగదు కాబట్టి నేను అడుగుతున్నాను. ఈ బిల్లు సభ ముందుకు వచ్చే రోజుకల్లా మీ పార్టీ కార్యాలయం పంపే మెయిళ్ల అడుగున, పనిచేసే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఒకటి పెట్టించండి. ఎలా పెట్టాలో మీ వాళ్లకు తెలియకపోతే నేను వచ్చి పెట్టిస్తాను, గంట పని.

ఇట్లు,
ఒక మెయిల్ సర్వర్ కాపలాదారు